వేర్‌హౌస్ పనిలో మొదటి నెల: కొత్తగా చేరినవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మేడ్చల్ రోడ్డులో, శంషాబాద్ చుట్టుపక్కల ఉన్న ఆన్‌లైన్ సరుకుల గోదాముల్లోకి దసరా సేల్ దగ్గరపడేసరికి కొత్తవాళ్ళు బస్సులు బస్సులుగా దిగుతారు. డిగ్రీ మధ్యలో ఆపినవాళ్ళు, పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళు, పిల్లలు బడికెళ్ళే వయసొచ్చాక పనికి దిగిన తల్లులు. వాళ్ళలో చాలామంది మొదటి పది రోజుల్లోనే మానేస్తారు. నేను అలాంటి ఒక చోట పికర్‌గా, అంటే ఆర్డర్ల ప్రకారం ర్యాకుల్లోంచి సరుకు ఏరి తెచ్చే పనిలో చేరి, ఆ తర్వాత కొత్తవాళ్ళకు పని నేర్పే బాధ్యతలో పడ్డాను. టీ బ్రేక్‌లో, కంపెనీ బస్సులో నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలే ఇవి. నేను డాక్టర్ని కాను. ఎక్కడ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలో మాత్రం గట్టిగానే చెబుతాను.

చేరి నాలుగు రోజులైంది. పొద్దున మంచం దిగలేకపోతున్నాను. ఈ పని నాకు సరిపడదా?

నాలుగో రోజు అడిగితే ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. ఒంటికి అలవాటు లేని పని చేసినప్పుడు నొప్పి అదే రోజు రాదు. ఒక రోజు తర్వాత మొదలై, రెండో మూడో రోజుకు బాగా ముదిరి, వారం లోపు దిగిపోతుంది. కండరాల్లో పడిన సన్నని చీలికలు మానే క్రమం అది. మానాక అదే పని మళ్ళీ చేస్తే అంత నొప్పి రాదు. వ్యవసాయం ఇంట్లోంచి వచ్చినవాళ్ళకు ఇది తెలిసిందే. నాట్లకు వెళ్ళిన మూడో రోజు నడుం వంగదు, పదో రోజుకు ఎవరూ దాని ఊసెత్తరు.

కాబట్టి చేరిన వారంలో నిర్ణయాలు వద్దు. పిక్కలు, తొడలు, భుజాలు మొదటి వారంలో గోల చేస్తాయి, తర్వాత సర్దుకుంటాయి.

నేను భయపడేది మూడో వారం గురించి. కండరాలు త్వరగా బలపడతాయి. వాటిని ఎముకకు కట్టి ఉంచే నరాల్లాంటి గట్టి పట్టీలు, స్నాయువులు, చాలా నెమ్మదిగా బలపడతాయి. మూడో వారానికి ఒళ్ళు తేలికపడి ‘ఇక నాకు అలవాటైపోయింది’ అనిపిస్తుంది, వేగం పెంచుతారు, ఓటీలు (ఓవర్‌టైమ్) ఒప్పుకుంటారు. మడమ, మణికట్టు, మోచేయి అప్పుడే దెబ్బతింటాయి. నాకూ మొదటి వారం ఏమీ కాలేదు, ఇరవయ్యో రోజున కుడి మణికట్టు పట్టేసింది. గ్లాసు ఎత్తాలన్నా రెండో చేయి కావాల్సి వచ్చింది.

ఏది మామూలు నొప్పి, ఏది కాదు?

రెండు వైపులా సమానంగా ఉండి, కాస్త కదిలితే సడలి, రోజురోజుకీ తగ్గుతుంటే అది పని నొప్పి. ఒకే వైపు ఒకే చోట పొడిచినట్టు ఉండి, పని చేసేకొద్దీ పెరుగుతుంటే అది దెబ్బ. దాన్ని పనితో అణచలేరు.

పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు గుచ్చినట్టుండి, నాలుగడుగులు నడిచాక తగ్గుతోందా? అది అరికాలి పట్టీ వాపు. బూట్లు మార్చాలి, పిక్కలు సాగదీయాలి, గట్టి నేలమీద చెప్పుల్లేకుండా నడవడం ఆపాలి. రూమ్‌లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి.

నడుం నుంచి పిరుదు మీదుగా కాలి కిందిదాకా కరెంటు పాకినట్టు జివ్వుమంటోందా? బరువులు ఆపి డాక్టర్‌కు చూపించుకోవాలి. దాంతోపాటు తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా లేక తెలియకుండా పోతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. ఎప్పుడూ కష్టం చేయని ఒళ్ళు ఒకేసారి విపరీతంగా కష్టపడితే కండరం చితికి, ఆ మలినం రక్తంలోకి వచ్చి మూత్రపిండాల మీద పడుతుంది. దానికి గుర్తు మూత్రం టీ డికాషన్ రంగులో, కోలా రంగులో రావడం, కండరాలు ఉబ్బి ముట్టుకోనివ్వకపోవడం. అరుదే. అయితే ఎండాకాలంలో చేరినవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఇది కూడా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిన విషయమే.

నొప్పి మాత్ర వేసుకుని షిఫ్ట్‌కు వెళ్ళొచ్చా?

మా లాకర్లలో టిఫిన్ బాక్స్ లేకపోయినా మాత్రల అట్ట ఉండేది. ఎప్పుడైనా ఒక పారాసిటమాల్ వేసుకుంటే ఫరవాలేదు, రోజుకు 4 గ్రాములు దాటకూడదు. 650 మాత్రలైతే ఆరు దాటొద్దన్నమాట. తాగే అలవాటు ఉన్నవాళ్ళకు, కాలేయం జబ్బున్నవాళ్ళకు ఆ లెక్క కూడా ఎక్కువే, వాళ్ళు డాక్టర్ని అడగాలి. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, దాన్నీ లెక్కేసుకోండి.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ సంగతి వేరు. ఖాళీ కడుపున కడుపు కోస్తాయి. నీళ్ళు తక్కువ తాగి చెమటోడుస్తున్న రోజున మూత్రపిండాలకు ప్రమాదం. మెడికల్ షాపులో ‘నొప్పికి ఏదైనా ఇవ్వండి’ అంటే చేతిలో పెట్టేది ఎక్కువగా ఇవే. అసలు చిక్కు ఇంకోటి ఉంది. మాత్ర వేసుకుంటే దెబ్బ తెలియదు, తెలియక ఇంకా బరువెత్తుతారు. మాత్ర లేకుండా షిఫ్ట్ గడవని పరిస్థితి వారం దాటితే అది డాక్టర్‌కు చూపించుకోవాల్సిన నొప్పి.

రాత్రి గోరువెచ్చని నీళ్ళ స్నానం, పది నిమిషాలు కాళ్ళు గోడకు ఎత్తిపెట్టి పడుకోవడం, పిక్కలూ తొడలూ సాగదీయడం. ఈ మూడూ ఖర్చులేనివి, బామ్ కన్నా మేలు.

ఎలాంటి బూట్లు కొనాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. పికింగ్‌లో పెట్టినవాళ్ళు ఒక షిఫ్ట్‌లో పది పన్నెండు కిలోమీటర్లు తేలిగ్గా నడుస్తారు, అదీ సిమెంటు నేల మీద. ఫోన్ గేటు దగ్గరే తీసుకుంటారు కాబట్టి అడుగుల లెక్క కనబడదు, కాళ్ళకు మాత్రం తెలుస్తుంది.

కంపెనీ సేఫ్టీ షూ ఇస్తే సైజు కుదిరేదాకా మార్పించుకోండి. ‘సర్దుకుంటుంది అన్నా’ అంటాడు స్టోర్‌లో అబ్బాయి. ముందు ఇనుప టోపీ ఉన్న బూటు సర్దుకోదు, మీ వేలే సర్దుకోవాలి, గోరు నల్లబడి ఊడుతుంది. సొంతంగా కొనేటట్టయితే సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మందపాటి సాక్స్ వేసుకుని చూసుకోండి, వేళ్ళ ముందు బొటనవేలు మందం ఖాళీ ఉండాలి. అడుగున ఐఎస్ఐ గుర్తు, 15298 అనే నంబరు ఉందేమో చూడండి, సేఫ్టీ బూట్లకు మన దేశంలో ఉన్న ప్రమాణం అది. రోడ్డుపక్క మూడొందలకు దొరికేవి రెండు నెలలు కూడా రావు.

లోపల వేసే మెత్తటి అట్ట విడిగా దొరుకుతుంది. మొదటి జీతంలో మొదటి ఖర్చు అదే కావాలి. సాక్స్ కనీసం మూడు జతలు పెట్టుకుని, భోజనం బ్రేక్‌లో ఒకసారి మార్చుకోండి. వింతగా చూస్తారు. చూడనివ్వండి, రెండో వారానికి వాళ్ళూ మారుస్తారు.

పొక్కులొచ్చాయి. పగలగొట్టాలా?

వద్దు. పైచర్మమే దానికి కట్టు. శుభ్రంగా కడిగి, ప్లాస్టర్ వేసి, రాపిడి తగలకుండా చూసుకోండి. ఎర్రబడి, వేడెక్కి, చీము పడితే చూపించుకోవాలి.

టార్గెట్ అందడం లేదు. పక్కన ఉన్న పాత అబ్బాయి నాకన్నా రెట్టింపు చేస్తున్నాడు. తీసేస్తారా?

మొదటి రెండు మూడు వారాలు కొత్తవాళ్ళ లెక్క వేరుగా చూసే చోట్లే ఎక్కువ. మీ చోట ఎలా ఉందో మొదటి రోజే టీఎల్‌ను (టీమ్ లీడర్‌ను) అడగండి: ‘సార్, కొత్తవాళ్ళకు ఎన్ని రోజుల తర్వాత పూర్తి రేట్ లెక్కేస్తారు?’ అడిగితే ఏమీ అనరు. అడక్కుండా టెన్షన్ పడితేనే నష్టం.

ఇక ఆ పాత అబ్బాయిని పది నిమిషాలు గమనించండి. అతను పరిగెత్తడం లేదు. వెనక్కి తిరగడం లేదు. స్కానర్‌లో లొకేషన్ కోడ్ చూడగానే ఏ వరుస, ఏ ర్యాక్, కింది నుంచి ఎన్నో అర, ఏ గడి అన్నది అతనికి చదవకుండానే తెలిసిపోతుంది. కొత్తవాళ్ళు ర్యాక్ ముందుకొచ్చి కోడ్ మళ్ళీ చూస్తారు, ఎదుటి వరుసలోకి వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తారు. సమయం పోయేది అక్కడ. మొదటి వారం మీరు నేర్చుకోవాల్సింది గోదాం పటం. సరి సంఖ్యలు ఏ వైపు, బేసి ఏ వైపు, ఏ మూలన ఏ రకం సరుకు. బస్సులో కూర్చుని కోడ్‌లను మనసులో విడదీసుకోండి.

ఇంకో రెండు చిన్న సంగతులు. టోట్‌లో (సరుకు వేసుకునే ప్లాస్టిక్ డబ్బాలో) బరువైనవి, చదునైనవి అడుగున వేస్తూ వెళ్తే మధ్యలో మళ్ళీ సర్దే పని ఉండదు. వస్తువును చేత్తో తీసేటప్పుడే బార్‌కోడ్ మీ వైపు తిరిగేలా పట్టుకుంటే స్కానర్‌కు ఒక్క బీప్ చాలు. ఒక్కో వస్తువుకు రెండు సెకన్లు మిగిలినా షిఫ్ట్ మొత్తం మీద అది చాలా.

తప్పు వస్తువు వేయడం కన్నా నెమ్మది మేలు. మొదటి నెలలో మీ మీద పడే ముద్ర ‘స్లో’ అని పడితే పోతుంది. ‘మిస్టేక్స్ ఎక్కువ’ అని పడితే అది ఆరు నెలలు వెంట ఉంటుంది.

నీళ్ళకూ బాత్రూమ్‌కూ వెళ్తే టైమ్ పోతుందని నీళ్ళు తాగడం మానేశాను. పరవాలేదా?

పరవాలేదు అనను. ఇది పికర్ల పాత జబ్బు, ఆడపిల్లల్లో ఇంకా ఎక్కువ. మూత్రంలో మంట, జ్వరం, కాళ్ళ తిమ్మిర్లు, తలనొప్పి అన్నీ దాని వెంటే వస్తాయి. పోయిన సమయం కన్నా పోయిన రోజుల లెక్క ఎక్కువ తేలుతుంది.

2024లో హర్యానాలోని మానేసర్ దగ్గర ఒక గోదాంలో, పని పూర్తయ్యేదాకా నీళ్ళకు, టాయిలెట్‌కు వెళ్ళబోమని కార్మికులతో ప్రమాణం చేయించారన్న వార్త దేశమంతా వచ్చింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ దాన్ని తనంతట తానే తీసుకుని కేంద్ర కార్మిక శాఖకు నోటీసు ఇచ్చింది. అంటే ఇది మీ ఒక్కరి మొహమాటం కాదు, హక్కుల కమిషన్ దాకా పోయిన విషయం. వెళ్ళాల్సి వస్తే వెళ్ళండి, టీఎల్‌కు చెప్పి వెళ్ళండి.

ఏప్రిల్‌లో చేరాను. రేకుల షెడ్. మధ్యాహ్నం కళ్ళు తిరుగుతున్నాయి.

కొత్త పని, కొత్త వేడి ఒకేసారి పడితే ఒళ్ళు తట్టుకోలేదు. వేడికి అలవాటు పడటానికే ఒకటి రెండు వారాలు పడుతుంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం మీద పనిచేసే ప్రభుత్వ సంస్థ నియోష్, వేడిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి రోజు మామూలు పనిలో 20 శాతమే ఇచ్చి, రోజుకు మరో 20 శాతం చొప్పున పెంచమంటుంది. మన దగ్గర మొదటి రోజే ట్రక్కు అన్‌లోడింగ్‌లో నిలబెడతారు. ఆ సలహా కాగితం మీదైనా ఉందని మీకు తెలిస్తే, ‘సార్, ఈ వారానికి లోపలి ప్యాకింగ్‌లో వేయండి’ అని అడగడానికి నోరొస్తుంది.

దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకు, ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున తాగాలి. ఒకేసారి లీటరు దించడం కాదు. చెమట బాగా పట్టే రోజున ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉప్పు వేసిన మజ్జిగ ఒక బాటిల్ పట్టుకెళ్ళండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళలో మొత్తం కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి తాగడం తప్పు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి తాగండి. రంగురంగుల ఎనర్జీ డ్రింకులు దీనికి బదులు కావు.

సంక్రాంతికో పెళ్ళికో వారం పది రోజులు ఊరెళ్ళి వస్తే ఈ అలవాటు మళ్ళీ తగ్గిపోతుంది. తిరిగొచ్చిన రోజే పాత వేగం పట్టకండి.

పక్కవాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేయించండి, అంబులెన్స్ వచ్చేలోపు నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరండి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకండి.

బరువులెత్తడం ఎలాగో ట్రైనింగ్‌లో చెప్పారు. ఎవరూ అలా చేయడం లేదు.

నిజమే. ‘మోకాళ్ళు వంచి ఎత్తాలి’ అని పోస్టర్ ఉంటుంది, ఆ పోస్టర్ కిందే వంగి ఎత్తుతుంటారు. రోజుకు నాలుగొందల సార్లు గుంజీలు తీయడం ఎవరివల్లా కాదు కాబట్టి ఆ పాఠంలో సగమే నిలుస్తుంది. ఆ సగం ఏమిటో చెబుతాను.

బరువు ఒంటికి ఎంత దగ్గరగా ఉంటే నడుం మీద అంత తక్కువ పడుతుంది. పది కిలోల పెట్టెను చేతులు చాపి ఎత్తడం కన్నా ఇరవై కిలోల పెట్టెను పొట్టకు ఆనించి ఎత్తడమే నయం. రెండోది, బరువు చేతిలో ఉండగా నడుం మెలితిప్పకూడదు, పాదాలు తిప్పాలి. లోడింగ్‌లో నడుం పట్టేసిన వాళ్ళలో నేను చూసినంతవరకు ఎక్కువమంది పక్కకు తిరిగి పెట్టబోతూ నొప్పి తెచ్చుకున్నవాళ్ళే. మూడోది, ఎత్తే ముందు కాలితో ఒకసారి నెట్టి చూడండి. నెట్టినా కదలని పెట్టెను ఒక్కరే ఎత్తకండి. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా నియోష్ లెక్క మొదలయ్యేది 23 కిలోల దగ్గర. వంగినా, చేతులు చాపినా, మాటిమాటికీ ఎత్తినా ఆ అంకె బాగా తగ్గుతుంది. పాతిక కిలోల బియ్యం బస్తా ఒక్కరి పని కాదన్నమాట. ‘అన్నా, ఓ చెయ్యి వెయ్యి’ అనడానికి సిగ్గేమిటి?

హ్యాండ్ పాలెట్‌ను (సరుకు మోసే చేతిబండిని) లాగడం కన్నా నెట్టడం మేలు. నడుం బెల్టు కట్టుకుంటే చాలనుకోకండి, అది ధైర్యాన్ని పెంచినంతగా నడుమును కాపాడదు.

ఏం తినాలి? ప్రొటీన్ పౌడర్ కావాలా?

అక్కర్లేదు, ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోండి. షిఫ్ట్‌కు గంటన్నర ముందు కడుపునిండా కాదుగానీ గట్టిగా తినాలి. ఇడ్లీ కన్నా జొన్నరొట్టె, పప్పు, గుడ్డు ఎక్కువసేపు ఆగుతాయి. ఎండలో రాగి జావ. జేబులో పల్లీ పట్టీ, షిఫ్ట్ మధ్యలో అరటిపండు. క్యాంటీన్ అన్నం మీద సాంబారు పోసుకుని బరువుగా తిని వెంటనే లోడింగ్‌కు వెళ్తే నిద్ర, వాంతి రెండూ వస్తాయి. సగం తిని, మిగతాది తర్వాతి బ్రేక్‌కు ఉంచుకోండి.

నైట్ షిఫ్ట్. పగలు నిద్ర పట్టడం లేదు.

పొద్దున బస్సు దిగి టీ తాగే అలవాటు ముందు మానండి. టీ, కాఫీ షిఫ్ట్ మొదటి సగంలోనే ఆపేయాలి. రూమ్‌కు వచ్చాక ఫోన్ పట్టుకుంటే పదకొండైపోతుంది. కిటికీకి నల్ల దుప్పటి, చెవుల్లో దూది, ఫ్యాన్ చప్పుడు. ఒకే విడతలో ఏడు గంటలు పట్టకపోతే పొద్దున ఐదు, సాయంత్రం రెండుగా విడగొట్టి పడుకోండి. ఆరుగురు ఉండే రూమ్‌లో వేర్వేరు షిఫ్టులవాళ్ళు కలిసి ఉంటే ఎవరికీ నిద్ర ఉండదు. ఒకే షిఫ్ట్‌వాళ్ళు ఒక రూమ్ చూసుకోవడం మేలు, అద్దె వంద ఎక్కువైనా.

నైట్ అయ్యాక బైక్ మీద నలభై కిలోమీటర్లు నడపకండి. కండ్లకోయ జంక్షన్ దగ్గర తెల్లవారుజామున కునికిపాట్లు పడుతూ డివైడర్ ఎక్కించిన అబ్బాయి నా బ్యాచే. కాలు విరిగింది, ప్రాణం మిగిలింది.

ఆడవాళ్ళం ఈ పని చేయగలమా?

చేస్తున్నారు. ప్యాకింగ్‌లో, సార్టింగ్‌లో చాలాచోట్ల ఎక్కువమంది వాళ్ళే. మా లైన్‌లో అందరికన్నా తక్కువ తప్పులున్నది మేమందరం అక్కా అని పిలిచే నలభై ఏళ్ళ ప్యాకర్. కన్వేయర్ దగ్గర చున్నీ, జారుజడ, గాజులు వద్దు. నెలసరి రోజుల్లో నిలబడే పని మార్చమని అడగడానికి మహిళా సూపర్‌వైజర్ ఉంటే ఆమెతో చెప్పండి. లేకపోతే ‘ఒంట్లో బాలేదు, ఈ రోజు కూర్చునే పని ఇవ్వండి’ అంటే సరిపోతుంది, వివరాలు ఎవరికీ చెప్పనక్కర్లేదు. గర్భమని తెలియగానే కాగితం మీద రాసి ఇవ్వండి. నోటిమాట తర్వాత ఎవరికీ గుర్తుండదు. రాత్రి షిఫ్ట్‌కు ఒప్పుకునే ముందు బండి ఇంటి దగ్గరికి వస్తుందా, మెయిన్ రోడ్డు మీద దింపుతుందా అన్నది ఖాయం చేసుకోండి.

పనిలో దెబ్బ తగిలింది. చేరి పది రోజులే అయింది. ఈఎస్ఐ వర్తిస్తుందా?

వర్తిస్తుంది, ఇక్కడే చాలామంది మోసపోతారు. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళకు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, ఉంటుంది. మీ జీతంలోంచి 0.75 శాతం, యజమాని వైపు నుంచి 3.25 శాతం కడతారు. వైద్యం చేరిన రోజు నుంచే. మామూలు జబ్బుకు సెలవు డబ్బు రావాలంటే ఒక ఆరు నెలల విడతలో 78 రోజుల చందా ఉండాలి, కొత్తవాళ్ళకు అది ఉండదు. పనిలో తగిలిన దెబ్బకు ఆ షరతు లేదు. మొదటి రోజే పడిపోయినా, పని చేయలేని స్థితి మూడు రోజులకు తగ్గకుండా ఉంటే, జీతంలో దాదాపు 90 శాతం లెక్కన డబ్బు వస్తుంది. పనికి వస్తూ పోతూ దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా పని ప్రమాదంగానే లెక్కించే వీలు చట్టంలో ఉంది.

కానీ కాగితం ఉండాలి. దెబ్బ తగిలిన షిఫ్ట్‌లోనే సూపర్‌వైజర్‌కు చెప్పి, యాక్సిడెంట్ రిజిస్టర్‌లో రాయించండి. ‘బయట క్లినిక్‌లో చూపిస్తాం, రాయడమెందుకు’ అని మా కాంట్రాక్టర్ ఒకసారి నాతో అన్నాడు. నేనూ ఊరుకున్నాను. ఆ మణికట్టు ఖర్చంతా నా జేబులోంచే పోయింది. చేరిన వారంలోనే మీ ఈఎస్ఐ నంబరు, పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ నంబరు అడిగి ఫోన్‌లో రాసుకోండి. ఈఎస్ఐ హెల్ప్‌లైన్ 1800-11-2526. హైదరాబాద్‌లో పెద్ద కేసులు సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్తాయి. రద్దీ ఎక్కువ, పొద్దున్నే పోవాలి.

ఓటీ చేస్తే మామూలు గంట లెక్కే ఇస్తున్నారు.

వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి అన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచి ఉన్న సూత్రం. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలోనూ ఉంది. నియామక పత్రం ఇవ్వడం కూడా అందులో తప్పనిసరి. తెలంగాణలో 2025 జులైలో వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటల దాకా అనుమతి ఇచ్చారు, వారానికి 48 అన్న గీత మాత్రం అలాగే ఉంది. మీ పంచ్ సమయాలను, అంటే వచ్చిన, వెళ్ళిన వేళలను, మీరే ఒక చిన్న పుస్తకంలో రోజూ రాసుకోండి. గొడవ వచ్చినప్పుడు నోటిలెక్క నిలబడదు. ఒక మాట: ఓటీ హక్కు సరే, మొదటి మూడు వారాలు మాత్రం రెట్టింపు ఇచ్చినా ఒప్పుకోకండి.

నాకు 45. షుగర్ ఉంది.

చేరే ముందే డాక్టర్‌కు పని ఎలాంటిదో వివరంగా చెప్పండి, ఎందుకంటే ఇంత నడకకు మందుల మోతాదు మార్చాల్సి రావచ్చు. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రల మీద ఉంటే షిఫ్ట్ మధ్యలో షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది: వణుకు, చెమట, కళ్ళు మసక. జేబులో గ్లూకోజ్ బిళ్ళలో, రెండు చాక్లెట్లో ఉండాలి, ఆ సంగతి పక్కవాళ్ళకు తెలిసి ఉండాలి. రోజూ రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోండి. తిమ్మిరి పాదానికి పొక్కు పుట్టినా తెలియదు.

యూకేలో ఎంఎస్ చేస్తూ వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నాను. అక్కడేమైనా తేడా ఉందా?

ఒళ్ళు ఒకటే, నియమాలు వేరు. డిగ్రీ, పీజీ విద్యార్థి వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు దాటకూడదు. రెండు ఏజెన్సీలలో పనిచేస్తే రెండూ కలిపే లెక్క. షిఫ్ట్ ఆరు గంటలు దాటితే 20 నిమిషాల బ్రేక్ హక్కు. దిగిన వారంలోనే జీపీ (అక్కడి స్థానిక డాక్టర్) దగ్గర పేరు రాయించుకోండి, నడుం పట్టేశాక రాయించుకుంటే ఆలస్యమవుతుంది. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు క్యాంపస్ బయట అనుమతి లేకుండా ఇలాంటి పని అసలు చేయకండి, నొప్పి నడుముకు కాదు, వీసాకు వస్తుంది.

ఎప్పుడు మానేయడం మంచిది?

మూడు వారాలు పూర్తయ్యాక కూడా నొప్పి ముందు వారం కన్నా పెరుగుతుంటే. చేతి వేళ్ళ తిమ్మిరి నిద్రలో లేపుతుంటే. దెబ్బను రాయడానికి, నీళ్ళకు వెళ్ళడానికి అడ్డుపడుతుంటే. వీటిలో ఏదున్నా ముందు వేరే సెక్షన్ అడగండి. పికింగ్ పడనివాళ్ళు ప్యాకింగ్‌లో, ప్యాకింగ్ పడనివాళ్ళు తిరిగొచ్చిన సరుకు చూసే రిటర్న్స్‌లో ఏళ్ళ తరబడి హాయిగా చేయడం చూశాను. సెక్షన్ మార్చకపోతే మానేయండి. మానేసేటప్పుడు చెప్పాపెట్టకుండా పోకండి, చివరి నెల జీతం చిక్కుకునేది అందుకే. ఒక మెయిలో, వాట్సాప్ మెసేజో పెట్టి, ఐడీ కార్డు ఇచ్చి, తీసుకున్నట్టు రాయించుకోండి.

వీక్లీ ఆఫ్ రోజంతా పడుకుంటే సరిపోతుందా?

మధ్యాహ్నం దాకా పడుకోండి. ఆ తర్వాత లేచి ఓ అరగంట నెమ్మదిగా నడవండి, రోజంతా కదలకపోతే మర్నాడు ఒళ్ళు ఇంకా బిగుసుకుంటుంది. బూట్ల లోపలి అట్ట తీసి ఎండలో పెట్టండి. కాలిగోళ్ళు అడ్డంగా తిన్నగా కత్తిరించుకోండి, మూలలు గుండ్రంగా తీయకండి. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎలాగూ ‘తిన్నావా’ అనే అడుగుతుంది. ఆ రోజైనా నిజం చెప్పేలా తినండి.